వాల్వ్ స్ప్రింగ్ క్లాంపులు: పదిహేనేళ్లకు పైగా వాడాక నా మాట

తెనాలిలో మాకు చిన్న షెడ్డు ఉంది. అంబాసిడర్లు, మారుతి 800లు, ఆల్టోలు, అప్పుడప్పుడు ఓ ఆల్టో కె10. ఎక్కువగా వయసు మళ్లిన బళ్లే వస్తాయి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే సైలెన్సర్‌లోంచి నీలం పొగ గుప్పుమని వచ్చి, రెండు నిమిషాలకి తగ్గిపోయిందంటే ముందు అనుమానించాల్సింది వాల్వ్ ఆయిల్ సీళ్లని, అంటే వాల్వ్ పక్క నుంచి ఆయిల్ కిందికి దిగకుండా ఆపే రబ్బరు తొడుగుల్ని. స్పీడ్ పెంచినప్పుడు ఇంజన్ తడబడుతుంటే వాల్వుల్ని మూసి ఉంచే స్ప్రింగులు నీరసించాయేమో చూడాలి. ఏది మార్చాలన్నా స్ప్రింగుని నొక్కి, దాని పైనున్న బిళ్లని (రిటైనర్) వాల్వ్ కాడకి (స్టెమ్) పట్టి ఉంచే చిన్న జంట ముక్కలు, అంటే కాటర్లు, తీయక తప్పదు. ఆ నొక్కే సామాను కొనేటప్పుడు ఏం చూడాలో నాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను మొదట కొన్న సి క్లాంప్ (సి అక్షరంలా ఉండి, కింది కాలు వాల్వ్‌కి, పై కప్పు రిటైనర్‌కి ఆనించి నొక్కే సామాను) చూడడానికి బాగానే ఉండేది. నికెల్ పూత, ప్లాస్టిక్ డబ్బా, లోపల ఎనిమిదో తొమ్మిదో కప్పులు. అన్ని కప్పులు ఉన్నాయి కదా, ఏ బండికైనా పనికొస్తుందని తీసుకున్నాను. కానీ దాని చట్రం పల్చని పట్టీ. లివర్ నొక్కుతుంటే స్ప్రింగు దిగడం కంటే ముందు చట్రమే నోరు తెరిచేది. చట్రం విచ్చుకుంటే పైనున్న కప్పు ఒక పక్కకి వాలుతుంది. అప్పుడు ఒక కాటర్ వదులవుతుంది, రెండోది రిటైనర్‌లోనే బిగుసుకుని ఉంటుంది. ఇంకొంచెం నొక్కుదామని బలం పెడితే కప్పు జారుతుంది.

ఒక 800 హెడ్డు (వాల్వులుండే ఇంజన్ పైభాగం) మీద సరిగ్గా అదే జరిగింది. కప్పు జారి దాని అంచు స్టెమ్‌ని గీసింది. వేలితో తడిమితే తెలిసీ తెలియనంత గీత. పర్లేదులే అని కొత్త సీలు వేసి బిగించేశాను. వారం తిరక్కుండానే ఆ బండి మళ్లీ నీలం పొగతో వచ్చింది. హెడ్డు దించి చూస్తే ఆ వాల్వ్ సీలు పెదవి కోసుకుపోయి ఉంది. గీతకి ఉన్న పొక్కు, వాల్వ్ పైకీ కిందికీ ఆడినప్పుడల్లా రబ్బరుని కోసింది. వాల్వ్, సీలు, హెడ్ గ్యాస్కెట్ అన్నీ నా డబ్బుతోనే మార్చి ఇచ్చాను. పోయిన డబ్బు కంటే, నమ్మి బండి ఇచ్చిన మనిషి ముందు తల దించుకోవాల్సి రావడమే ఎక్కువ బాధపెట్టింది.

ఇప్పుడు ఎవరడిగినా ఒకటే చెబుతాను: కప్పుల సంఖ్య చూడకండి, చట్రం చూడండి. కొట్లోనే ఒక చెక్కముక్క మధ్యలో పెట్టి స్క్రూ గట్టిగా బిగించండి. కింది కాలు, పై కప్పు ఒకే గీత మీద ఉండాలి. బిగించేకొద్దీ కప్పు వాలుతుంటే ఆ క్లాంప్ వద్దు.

తర్వాత తీసుకున్నది ఫోర్జింగ్ చట్రం ఉన్న క్లాంప్. మొదటిదానికి రెట్టింపు ధర, కప్పులు మూడే. 2012 నుంచి అదే వాడుతున్నాను. లివర్ కిందికి నొక్కాక దానంతటదే లాక్ అయి నిలబడుతుంది కాబట్టి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఇది చాలా పెద్ద సుఖం. కాటర్లు తీసేటప్పుడు కన్నా పెట్టేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. కాటర్ లోపలి వైపు కాస్త గ్రీజు రాసి స్టెమ్ గాడిలో అతికిస్తే కదలకుండా ఉంటుంది. రెండోది కూడా అలాగే పెట్టి లివర్ మెల్లగా వదిలితే సరిగ్గా కూర్చుంటుంది. ఆ తర్వాత స్టెమ్ తల మీద ప్లాస్టిక్ సుత్తితో రెండు దెబ్బలు వేస్తాను. సరిగ్గా కూర్చోని కాటర్ ఉంటే అది అప్పుడే బయటపడాలి, బండి రోడ్డెక్కాక కాదు.

దీనికీ ఒక లోపం ఉంది. చిన్న కప్పు గోడ మరీ మందం. కార్బొరేటర్ 800లో మూడు సిలిండర్లకి ఆరు వాల్వులే కాబట్టి ఇబ్బంది లేదు. ఆల్టోలో అవే మూడు సిలిండర్లకి పన్నెండు వాల్వులు. రిటైనర్లు చిన్నవి, కాటర్లు గోరంత. మందం కప్పు పెడితే దాని పక్కనున్న కిటికీలోంచి కాటర్ కనిపించదు, కాటర్ తీసే అయస్కాంతం దూరదు. లేత్ మీద కప్పు గోడ పల్చన చేయించి, కిటికీ వెడల్పు చేయించాను. కప్పు రిటైనర్ అంచు మీద కూర్చోవాలి కానీ కాటర్లని తాకకూడదు. కె10 లాంటి ఇంజన్లలో రాకర్లు (వాల్వ్‌ని నొక్కే చిన్న చేతులు) ఉండవు. స్ప్రింగులు బకెట్ టాపెట్లు (వాల్వ్ మీద బోర్లించిన చిన్న గిన్నెల్లాంటివి) ఆడే గుంతల్లో లోతుగా ఉంటాయి. అక్కడికి పొడవాటి కప్పు కావాలి. దాని అంచులు నున్నగా లేకపోతే టాపెట్ ఆడే గోడ గీసుకుపోతుంది. అందుకే ఆ గుంతలో పల్చని ప్లాస్టిక్ షీటు చుట్టిపెట్టి గానీ నేను క్లాంప్ దించను.

ఏ క్లాంప్ అయినా సరే, నొక్కే ముందు రిటైనర్ మీద సరిపడా సాకెట్ బోర్లించి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాలి. ఏళ్ల తరబడి కదలని కాటర్లు రిటైనర్‌లో అతుక్కుపోయి ఉంటాయి. అవి వదలకుండా లివర్ మీద ఎంత బరువు వేసినా చట్రం వంగడమే తప్ప లాభం లేదు.

అంబాసిడర్ సంగతి వేరు. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌లో పుష్ రాడ్లు (కింది నుంచి రాకర్లని నెట్టే పొడవాటి కడ్డీలు), పైన ఒకే రాకర్ షాఫ్ట్ (రాకర్లు ఆడే ఇరుసు). రాకర్లే కదా అని నాలుగు నట్లు విప్పి షాఫ్ట్ ఎత్తేస్తారు కొందరు. ఆ నట్లు హెడ్డుని కూడా పట్టి ఉంచుతాయి. వాటిని మాత్రమే విప్పితే హెడ్డు మీద బిగువు ఒక పక్కే మిగిలి, వంపు తిరిగి, గ్యాస్కెట్ దగ్గర నీళ్లు సిలిండర్‌లోకి, అడుగునున్న ఆయిల్ సంపులోకి దిగే ప్రమాదం ఉంది. రేడియేటర్ నీళ్లు దించి, హెడ్డు నట్లన్నీ వరసలో కొంచెం కొంచెంగా వదులు చేశాకే షాఫ్ట్ తీయాలి. అందుకే ఈ పనికి టార్క్ రెంచ్ (నట్టుకి ఎంత బిగువు పడిందో చూపే పానా) కూడా స్ప్రింగ్ సామానులో భాగమే అంటాను. పుష్ రాడ్‌ని కూడా ఒక్కసారిగా లాగొద్దు. ముందు కాస్త తిప్పి వదిలించండి. ఆయిల్ పట్టుకి రాడ్ అడుగునున్న టాపెట్ కూడా పైకి లేచి వచ్చిందంటే ఇంకో గంట పని.

హెడ్డు దించకుండా సీళ్లు మార్చాలంటే వాల్వ్ సిలిండర్‌లోకి జారకుండా ఆపాలి. దానికి ప్లగ్ రంధ్రంలో బిగించి, కంప్రెసర్ గాలి నింపి వాల్వ్‌ని పైకి నిలబెట్టే గాలి అడాప్టర్ ఒకటి కొన్నాను. మనలో చాలామందికి తెలియని లెక్క ఒకటుంది. అంబాసిడర్ బోర్ (సిలిండర్ వెడల్పు) 73 మిల్లీమీటర్లు, అంటే పిస్టన్ మీద దాదాపు 42 చదరపు సెంటీమీటర్ల జాగా. చదరపు సెంటీమీటరుకి 6 కేజీల గాలి పెడితే పిస్టన్ మీద పడే బరువు 250 కేజీల పైమాటే. పిస్టన్ సరిగ్గా పైన లేకపోతే క్రాంక్ (పిస్టన్లని ఆడించే ఇరుసు) గిర్రున తిరుగుతుంది. క్రాంక్ బోల్టుకి పెట్టిన పానా తీయడం మర్చిపోతే అది చెయ్యి విరగ్గొడుతుంది. మా షెడ్డులో ఒకసారి పానా తీసి ఉంచాం కాబట్టి బతికిపోయాం. ఫ్యాన్ ఒక్కసారిగా తిరిగింది, మా కుర్రాడు "అన్నా!" అని అరిచి వెనక్కి దూకాడు. పిస్టన్ కిందికి దిగిపోయింది. ఇంకోసారి పని మధ్యలో కరెంటు పోయింది. కంప్రెసర్ ట్యాంకులో గాలి కాస్త కాస్తగా తగ్గుతుంటే, కాటర్లు లేని వాల్వ్‌ని వేళ్లతో పట్టుకుని నిలబడ్డాను.

ఆ రోజు నుంచి నేను తాడే వాడుతున్నాను. వేలెడు లావు లేని నైలాన్ తాడు, చివర ముడి. పిస్టన్‌ని సగం కిందికి దించి, ప్లగ్ రంధ్రంలోంచి తాడు లోపలికి కూరి, క్రాంక్‌ని చేత్తో తిప్పితే పిస్టన్ తాడుని వాల్వులకి అదిమిపెడుతుంది. రెండు వాల్వులూ మూసుకుని ఉన్న స్ట్రోక్‌లోనే చేయాలి. తాడు కొస మాత్రం బయట కనిపించేలా వదలాలి. కొత్త నైలానే వాడండి, నూలు తాడు పోగులు లోపల మిగిలిపోతాయి. కరెంటు అక్కర్లేదు, టెన్షన్ లేదు. గాలి అడాప్టర్ ఇప్పుడు లీకేజీ పరీక్షకే పనికొస్తోంది.

అంబాసిడర్‌కి రాకర్ షాఫ్ట్ కింద తగిలించి నొక్కే కొక్కెం లివర్ కూడా లేత్ దగ్గర చేయించాను. షాఫ్ట్ దించే అవసరం లేకుండా రాకర్‌ని పక్కకి జరిపి స్ప్రింగ్ నొక్కొచ్చు. ఒకటి రెండు వాల్వులకి బాగుంటుంది, ఎనిమిదింటికీ చేస్తే భుజం పట్టేస్తుంది. 800కి మాత్రం నేను హెడ్డు దించే చేస్తాను. హెడ్డు చిన్నది, ఒక్క మనిషి ఎత్తగలడు. దాని రెండు రాకర్ షాఫ్టులూ చూడడానికి ఒకలాగే ఉంటాయి కానీ ఒకటి కావు. పెయింట్ గుర్తు పెట్టకుండా తీయకండి.

స్ప్రింగ్ బాగుందో లేదో చూడడానికి ఖరీదైన టెస్టర్ కొనక్కర్లేదు. కొత్త స్ప్రింగునీ పాతదాన్నీ కొసా కొసా కలిపి, మధ్యలో ఒక వాషర్ పెట్టి బెంచి వైస్‌లో నొక్కండి. రెండూ సమానంగా కుదించుకుపోవాలి. ఏది ఎక్కువ కుదించుకుపోతే అది నీరసించినట్టు. స్ప్రింగ్ ఒక పక్కకి వాలిందేమో చూడడానికి మూలమట్టం చాలు.

రాకర్ల విషయంలో ఫీలర్ గేజ్‌ని (రాకర్‌కీ స్టెమ్‌కీ మధ్య సందు కొలిచే పల్చని రేకుల కట్ట) గుడ్డిగా నమ్మొద్దు. స్టెమ్‌ని తాకే చోట రాకర్ అరిగి చిన్న గుంట పడుతుంది. ఫీలర్ రేకు ఆ గుంట మీద వంతెనలా నిలబడుతుంది. 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), అంటే 0.38 మిల్లీమీటర్లు పెట్టామని మనం అనుకుంటాం. అసలు సందు అంతకంటే ఎక్కువ, చప్పుడు పోదు. మా మేస్త్రి గారు ముందు రాకర్ అడుగున వేలితో తడిమి, తర్వాతే ఫీలర్ చేతికి తీసుకునేవారు. అంబాసిడర్ టాపెట్ సెట్టింగ్‌కి, అంటే ఈ సందు సరిచేయడానికి, ఆయన నేర్పిన తొమ్మిది లెక్క ఇప్పటికీ వాడతాను: 8వ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది సెట్ చేయాలి, 6వది తెరుచుకున్నప్పుడు 3వది, కలిపితే ఎప్పుడూ తొమ్మిదే.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టే కుర్రాడికి నేను కొనమనేవి ఇవి: గట్టి చట్రమున్న సి క్లాంప్, సన్నని అయస్కాంతం పుల్ల, మంచి ఫీలర్ గేజ్, టార్క్ రెంచ్, ఓ నైలాన్ తాడు. కప్పులు బండిని బట్టి లేత్ మీద చేయించుకోవచ్చు. నా క్లాంప్ లివర్ పిన్ను రెండేళ్ల కిందట అరిగిపోయి ఆడడం మొదలుపెట్టింది. గట్టి ఉక్కుతో కొత్త పిన్ను వేయించాను. మొన్న శనివారం ఓ ఆల్టో హెడ్డుకి పన్నెండు వాల్వులూ దానితోనే దించి ఎక్కించాం, ఒక్క కాటర్ కూడా కింద పడలేదు.