బ్రాడ్‌ఫర్డ్ సంతకమా, న్యూటన్ సంతకమా? కొత్త కుర్రాడికి ఏది మేలు?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో డ్రాఫ్ట్ (జట్లు కాలేజీ కుర్రాళ్లను వరుస నంబర్లలో ఎంచుకునే కార్యక్రమం) రోజున మొదట పేరు పిలిపించుకున్న కుర్రాడికి ఎంత వస్తుందో ఇప్పుడు ముందే దాదాపు లెక్కగట్టి చెప్పేయొచ్చు. 2010 దాకా అలా ఉండేది కాదు. పాత పద్ధతి, కొత్త పద్ధతి పక్కపక్కన పెట్టి చూడాలంటే సామ్ బ్రాడ్‌ఫర్డ్, కామ్ న్యూటన్‌ల కంటే మంచి జత దొరకదు. ఇద్దరూ క్వార్టర్‌బ్యాక్‌లే, అంటే బంతి విసురుతూ జట్టు దాడిని నడిపేవాళ్లు. ఇద్దరూ కాలేజీలో ఏడాది మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచారు, ఇద్దరినీ మొదటి నంబరులోనే తీసుకున్నారు. తేడా ఒక్క ఏడాది.

2010లో సెయింట్ లూయిస్ రామ్స్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్లు రాసిచ్చింది. అందులో 5 కోట్లు గ్యారంటీ. 2011లో కరోలినా పాంథర్స్ న్యూటన్‌కు ఇచ్చింది నాలుగేళ్లకు సుమారు 2.2 కోట్లు, అయితే అంతా గ్యారంటీయే.

ఆ ఏడాదిలో జరిగింది లాకౌట్, అంటే ఒప్పందం కుదిరేదాకా యజమానులు ఆటగాళ్లకు తలుపులు మూసేయడం. మార్చి నుంచి జులై దాకా యజమానులకు, ఆటగాళ్ల సంఘానికి మధ్య నడిచిన పోరు చివర్లో కొత్తవాళ్ల జీతాలకు కొలబద్ద పెట్టారు. ఎన్నో నంబరులో ఎంపికైతే అంత. దీనికి కారణాలు లేకపోలేదు. 2007లో మొదటి నంబరు జమార్కస్ రసెల్ శిక్షణ శిబిరమంతా ఎగ్గొట్టి, సీజన్ మొదలయ్యాక సెప్టెంబరులో సంతకం పెట్టాడు. ఒప్పందం 6 కోట్ల పైమాటే. మూడు సీజన్లు తిరిగేసరికి రైడర్స్ వదిలేసింది. ఇంకో ముల్లు కూడా ఉంది. అప్పటికే మూడు సూపర్ బౌల్‌లు (సీజన్ ఆఖరి టైటిల్ పోరు) గెలిచిన టామ్ బ్రేడీకి 2010 సెప్టెంబరులో దక్కిన గ్యారంటీ 4.85 కోట్లు. ఇంకా ఒక్క మ్యాచ్ ఆడని బ్రాడ్‌ఫర్డ్‌ది అంతకంటే ఎక్కువ! పాతకాపులకు కడుపు మండిందంటే తప్పు పట్టలేం.

అయినా కుర్రాడి పక్షాన నిలబడి చూస్తే, నాకు పాత సంతకమే మేలనిపిస్తుంది. 2013 అక్టోబర్ 20న షార్లెట్‌లో, న్యూటన్ జట్టు మీదే ఆడుతూ బ్రాడ్‌ఫర్డ్ బంతితో సైడ్‌లైన్ వైపు పరిగెత్తాడు. డిఫెండర్ ఒక తోపు తోశాడు. ఎడమ మోకాలి లిగమెంటు తెగింది. మరుసటి ఆగస్టులో, లెక్కలోకి రాని ప్రీసీజన్ మ్యాచ్‌లో, అదే మోకాలు మళ్లీ పోయింది. 2014 సీజన్ మొత్తం గల్లంతు. ఈ ఆటలో గ్యారంటీ అని రాసి లేని డబ్బు జట్టు వదిలేసిన రోజున ఆవిరైపోతుంది. బ్రాడ్‌ఫర్డ్‌కు మాత్రం మోకాలి కంటే ముందే సంతకం పడింది.

న్యూటన్ వైపూ బలముంది. నాలుగేళ్ల ఒప్పందం కాబట్టి బేరానికి తొందరగా కూర్చున్నాడు. 2015 జూన్‌లో, 26 ఏళ్లకే, ఐదేళ్లకు 10.38 కోట్లు. ఆ సీజన్‌లోనే ఎంవీపీ, అంటే లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు. క్వార్టర్‌బ్యాక్ అయి, ఒళ్లు సహకరిస్తే కొత్త పద్ధతి కూడా కడుపు నింపుతుంది. 2025 మొదటి నంబరు కామ్ వార్డ్‌కు నాలుగేళ్లకు 4.88 కోట్లు, మొత్తం గ్యారంటీ. పదిహేనేళ్లు గడిచినా బ్రాడ్‌ఫర్డ్ 5 కోట్లను అందుకోలేదన్నది మాత్రం గమనించాలి.

బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌ల దగ్గరే నాకు ఈ కొలబద్ద అన్యాయంగా కనిపిస్తుంది. వాళ్ల కాళ్లలో సత్తువ ఉండేదే మొదటి ఐదారేళ్లు. 2018లో రెండో నంబరు సాక్వాన్ బార్క్‌లీకి నాలుగేళ్లకు 3.1 కోట్లు వచ్చాయి. ఆపైన ఐదో ఏడాది జట్టు ఇష్టం, ఆరో ఏడాది ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఆటగాడు వెళ్లిపోకుండా జట్టు ఒక ఏడాది పాటు అట్టిపెట్టుకునే హక్కు). ఏ జట్టుతోనైనా స్వేచ్ఛగా బేరమాడే అవకాశం 2024లో, 27 ఏళ్లకు వచ్చింది. ఆ ఏడాది ఈగిల్స్‌కు ఆడి 2,005 గజాలు పరిగెత్తాడు. మోకాలి లిగమెంటు 2020లోనే తెగిన మనిషి ఇన్నాళ్లు నిలబడ్డాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే?

పైగా మూడు సీజన్లు పూర్తయ్యేదాకా జీతం పెంచమని అడిగే వీలే లేదు. మన ఐటీ కంపెనీల బాండ్ లాంటిదే, కాకపోతే బాండ్‌లో ఉన్నా మన జీతం పెంచవచ్చు, ఇక్కడ జట్టు ఇద్దామనుకున్నా కుదరదు. 2022లో చిట్టచివరి 262వ నంబరు బ్రాక్ పర్డీ, శాన్‌ఫ్రాన్సిస్కోను సూపర్ బౌల్‌కు తీసుకెళ్లిన 2023 సీజన్‌లో అందుకున్న జీతం 8.7 లక్షల డాలర్లు. గడువు తీరాక 2025లో అతనికి ఐదేళ్లకు 26.5 కోట్లు రాశారు.

ఇక మొండికేసి సాధించేది ఇప్పుడు తక్కువే. 2016లో జోయి బోసా ఆగస్టు చివరి దాకా చార్జర్స్ శిబిరానికి రాలేదు. బోనస్ ఎప్పుడిస్తారు, తనను వదిలేశాక వేరే జట్టు ఇచ్చే జీతాన్ని గ్యారంటీలోంచి తగ్గించుకుంటారా అన్న రెండు మాటల మీదే పట్టు.

యజమానులకు, ఆటగాళ్ల సంఘానికి మధ్య ఇప్పటి ఉమ్మడి ఒప్పందం 2030 సీజన్ దాకా ఉంది. బ్రాడ్‌ఫర్డ్ నాటి అంకెలు తిరిగి వస్తాయని నేను అనుకోను. కానీ ఆ మూడేళ్ల గడువును రెండుకు, రన్నింగ్ బ్యాక్‌లకైతే ఒకటికి, తగ్గించమని ఆటగాళ్ల సంఘం ఈసారి మొట్టమొదట అడగాలి.