పిల్లల వ్యాధి వివరాలను బయటపెట్టే వార్తా యాప్
నేను చందా కట్టి చదివే ఈ వార్తా యాప్‌లో వైద్య కథనాల భాష సరళంగానే ఉంటుంది; పేచీ అంతా పిల్లల కథనాలతోనే. అరుదైన జన్యువ్యాధి ఉన్న ఒక బాలిక పేరు మార్చి, ముఖం మసకబరిచామని గొప్పగా రాసుకున్నవారు, ఆమె బడి యూనిఫాంనూ, మంచానికి వేలాడుతున్న కేస్ షీట్‌నూ ఫొటోలో అలాగే వదిలేశారు. తెలిసినవారికి ఇంకేం కావాలి? 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణ పిల్లల గోప్యతకు స్పష్టంగా రక్షణ కల్పించింది. తల్లిదండ్రులు అనుమతించారన్న సంపాదకవర్గం జవాబు నాకు సమ్మతం కాలేదు. చికిత్సకు విరాళాలు కోరుతున్న కుటుంబం కాదనగలిగే స్థితిలో ఉంటుందా? ఫిర్యాదు చేశాక ఫొటో తీసేశారు గానీ, వ్యాధి పేరూ, పాప చదివే తరగతీ శీర్షికలో ఇంకా ఉన్నాయి. ఐదుకు రెండు నక్షత్రాలు.