కార్ట్ వదిలేసినవాళ్లకి మెసేజ్ సరే, కొనేసినవాళ్లకి ఎందుకు?

మార్కెటింగ్ ఆటోమేషన్, అంటే కస్టమర్లకి మెసేజ్‌లు దానంతటదే పంపే సాఫ్ట్‌వేర్, ఎలా పనిచేస్తుంది, ఎన్ని ఫీచర్లున్నాయి అన్నవి ఇక్కడ రాయను, ఆ కంపెనీల వీడియోల్లో కావలసినంత ఉంది. మాది మంగళగిరి చీరల ఆన్‌లైన్ అమ్మకం, ఇంట్లో ఇద్దరం చూసుకుంటాం, చాలాకాలంగా ఒకే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. పేరు చెప్పను, ఎందుకంటే డెమో చూసిన మరో రెండింటిలోనూ ఇదే తీరు. నా కోపమంతా ఒక్కటే, మొదలుపెట్టిన మెసేజ్‌ల వరస ఎక్కడ ఆపాలో దీనికి తెలీదు.

జరిగింది చెప్తాను. ఒక పెద్దావిడ కూతురి పెళ్లికని మా సైట్లో నాలుగు నిజాం బోర్డర్ చీరలు చూసి, ఈమెయిల్ ఇచ్చి కార్ట్‌లో పెట్టుకున్నారు. తర్వాత రంగులు ఫొటోలో తెలియట్లేదని వాట్సాప్‌లో అడిగితే ఎండలో పరిచి వీడియో తీసి పంపాం, అక్కడే ఖాయం చేసుకుని పూర్తి డబ్బు యూపీఐలో వేసేశారు. ఆ ఆర్డర్‌ని ఫోన్ నంబర్‌తో ఎక్కించాం. సాఫ్ట్‌వేర్ లెక్కలో ఇప్పుడు ఇద్దరు మనుషులు, ఈమెయిల్ ఉన్నావిడ కొనకుండా వెళ్లిపోయింది, ఫోన్ నంబర్ ఉన్నావిడ కొనుక్కుంది. మర్నాడు "మర్చిపోయారా?" అని మెయిల్, ఆపై రోజు అవే చీరల ఫొటోలతో పది శాతం తగ్గింపు కూపన్. ఆవిడ ఫోన్ చేశారు. "ఏమ్మా, అడిగిన రేటు మాట్లాడకుండా ఇచ్చినందుకా ఇది? బేరం ఆడనివాళ్లకి ఒక రేటు, కొనకుండా ఊరుకున్నవాళ్లకి ఒక రేటూనా?" ఏం చెప్తాం, ఆ పది శాతం వెనక్కి వేశాం. డబ్బు సంగతి అటుంచండి, ఆవిడ ద్వారా వచ్చిన చుట్టాలు ముగ్గురు నలుగురు మా కస్టమర్లే, వాళ్లందరికీ ఈ కథ తెలిసిపోయింది.

సపోర్ట్ వాళ్లని అడిగితే డూప్లికేట్ కాంటాక్ట్‌లని మీరే కలుపుకోవాలన్నారు. అసలు తమాషా ఏంటంటే బిల్లు కాంటాక్ట్‌ల సంఖ్యని బట్టే, అంటే ఒకే మనిషి ముందు సున్నాతో ఒకసారి, ప్లస్ 91తో ఒకసారి, ఈమెయిల్‌తో ఒకసారి ఉంటే ముగ్గురికి కడుతున్నట్టే.

ఇప్పుడు మేం చేస్తున్నది ఇది. నంబర్లన్నీ ప్లస్ 91 రూపంలోకి మార్చాం, అమెరికా వాళ్లవి ప్లస్ 1తో. ఎక్సెల్‌లో చేసేటప్పుడు ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా పెట్టుకోండి, లేకపోతే నంబర్లు 9.19 ఈ ప్లస్ 11 అని కనిపిస్తాయి, అలాగే సేవ్ చేసి ఎక్కిస్తే గోవిందా. వాట్సాప్‌లో బేరం మొదలైన క్షణమే ఆ మనిషికి ఒక ట్యాగ్, ఆ ట్యాగ్ ఉంటే కార్ట్ మెసేజ్‌లు ఆగాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆర్డర్ అయిందా లేదా అన్నది వరసలోకి వచ్చేటప్పుడు ఒక్కసారి చూస్తే చాలదు, ప్రతి మెసేజ్ ముందూ చూసేలా షరతు పెట్టాలి. మా దాంట్లో ఆ షరతు ఎక్కడో మూడో మెనూలో దాచిపెట్టారు, పైగా మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఎందుకో వాళ్లకే తెలియాలి.

ఎస్సెమ్మెస్ మాత్రం తెలుగులో పంపే ముందు లెక్క చూసుకోండి. ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు పట్టే చోట తెలుగులో 70, అదీ ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్క, "స్త్రీ" అన్న ఒక్కదానికే ఆరు పోతాయి. దాటితే రెండో మెసేజ్ ఛార్జీ. డీఎల్‌టీలో (వ్యాపార ఎస్సెమ్మెస్‌లని ముందే నమోదు చేయించుకునే టెలికాం ఏర్పాటు) టెంప్లేట్, అంటే మెసేజ్ నమూనా, ఆమోదం అయ్యాక కుదించాలంటే మళ్లీ మొదటికి.

నచ్చినది లేదా అంటే ఉంది. అయిపోయిన రంగు మళ్లీ మగ్గం దిగగానే అడిగినవాళ్లకి మాత్రమే కబురు వెళ్లే ఏర్పాటు నిజంగా బంగారం, దానికి ఎవరూ విసుక్కోలేదు. రిపోర్టుల్లో ఓపెన్ రేట్, అంటే ఎంతమంది మెయిల్ తెరిచారన్న లెక్క, చూసి మొదట్లో తెలిసినవాళ్లందరికీ గొప్పగా చెప్పాను. ఆ అంకె ఇప్పటికీ అలాగే ఉంది కానీ, 2021 నుంచి ఐఫోన్ మెయిల్ యాప్‌లో ప్రైవసీ ఆన్ చేసుకుంటే మనిషి తెరవకపోయినా బొమ్మలు ముందే లోడైపోయి తెరిచినట్టే నమోదవుతుంది, మా అమెరికా కస్టమర్లలో ఎక్కువమందివి ఐఫోన్లే. ఇప్పుడు క్లిక్‌లు, ఆర్డర్లు తప్ప మిగతావి చూడటం మానేశాను.

మీ అమ్మకాలన్నీ సైట్లోనే పూర్తయితే నేను చెప్పిన గొడవ మీకు రాకపోవచ్చు, హాయిగా తీసుకోండి. మాలాగా సగం వ్యాపారం వాట్సాప్‌లో జరిగితే డెమోలోనే మీ రెండో నంబర్‌తో ఒక ఆర్డర్ పెట్టించి, తర్వాత ఏమేం మెసేజ్‌లు వస్తాయో చూసి, అప్పుడు కూడా ఏడాది ప్లాన్ కాకుండా నెలవారీ తీసుకోండి. మేం మారట్లేదు, టెంప్లేట్లన్నీ మళ్లీ కట్టుకునే ఓపిక దసరా ముందు ఎవరికీ లేదు. కూపన్ మెసేజ్ మాత్రం ఆఫ్ చేసేశాం, తగ్గింపు ఇవ్వాలనిపిస్తే ఫోన్‌లోనే చెప్తున్నాం.