టెర్బియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ రివ్యూ: కాల్షియం ప్రొటీన్ల మీద పనిచేసేవాళ్లకి

కాల్షియం పట్టుకునే ప్రొటీన్లతో ఉన్న అసలు ఇబ్బంది ఏంటంటే, ఆ కాల్షియం అయాన్ మనకి కనపడదు. రంగు లేదు, వెలగదు, అయస్కాంత గుణమూ లేదు. అందుకే దాని చోట్లో రేర్ ఎర్త్ లోహాన్ని కూర్చోబెట్టి చూస్తారు. ఎక్కువమంది ఎంచుకునేది టెర్బియం. నేను వాడుతున్నది టెర్బియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్, తెల్లటి పలుకులు, చిన్న సీసా. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానో కింద చెప్తాను.

ముందు మంచి విషయం. ప్రొటీన్‌లో టైరోసిన్ గానీ ట్రిప్టోఫాన్ గానీ (కాంతిని పీల్చుకునే అమైనో ఆమ్లాలు) కాల్షియం కూర్చునే గూటికి దగ్గర్లో ఉంటే, 280 నానోమీటర్ల దగ్గర కాంతి వేయగానే ఆ శక్తి టెర్బియంకి అంది, 545 దగ్గర ఆకుపచ్చ వెలుగు వస్తుంది. నీళ్లలో విడిగా తిరిగే టెర్బియం నుంచి ఇంత వెలుగు రాదు, కాబట్టి కనపడే వెలుగంతా దాదాపు ప్రొటీన్‌లో కూర్చున్నదాని నుంచే. ఇంకా నచ్చే సంగతి, ఆ వెలుగు మిల్లీసెకన్ల లెక్కలో నిలుస్తుంది, పక్కన నీటి అణువులుంటే త్వరగా చస్తుంది. మామూలు నీళ్లలో ఒకసారి, భారజలంలో ఒకసారి ఆ కాలం కొలిస్తే అయాన్‌ని ఎన్ని నీటి అణువులు అంటుకుని ఉన్నాయో లెక్క తేలుతుంది. కాల్షియంతో ఈ పని జరగదు.

ఇదంతా ఎందుకు కుదురుతుందంటే సైజు. కాల్షియం అయాన్ వ్యాసార్థం సుమారు 1.00 ఆంగ్‌స్ట్రామ్, టెర్బియంది 0.92. రెండూ ఆక్సిజన్‌నే కోరుకుంటాయి. కాల్మాడ్యులిన్, పార్వాల్బుమిన్ లాంటి కాల్షియం ప్రొటీన్లలో ఉండే ఈఎఫ్ హ్యాండ్ అనే మడతలో 12 అమైనో ఆమ్లాల ఉచ్చు ఉంటుంది, అది సాధారణంగా ఏడు ఆక్సిజన్లతో కాల్షియంని చుట్టుకుంటుంది. టెర్బియం వచ్చినా ఆ ఉచ్చు పెద్దగా చెదరదు. కాకపోతే టెర్బియంకి ఒక చార్జ్ ఎక్కువ, 3+. బిగువు పెరుగుతుంది, అయాన్ వదిలి వెళ్లడం నెమ్మదిస్తుంది, పైగా దానికి ఎనిమిది తొమ్మిది ఆక్సిజన్లు కావాలి కాబట్టి ఇంకో నీటి అణువునీ లాక్కోవచ్చు.

అందుకే టెర్బియంతో వచ్చిన ఫలితాన్ని కాల్షియం ఫలితం అని నేరుగా రాసేయకండి. కాల్మాడ్యులిన్‌నే చూడండి. కాల్షియం ముందుగా సి చివరి (ప్రొటీన్ గొలుసు ముగిసే వైపు) సగంలోని రెండు గూళ్లలో చేరుతుంది. టెర్బియం ముందు ఎన్ చివరి (గొలుసు మొదలయ్యే వైపు) సగానికి పోతుంది. టైరోసిన్లు రెండూ, 99, 138 స్థానాల్లో, సి సగంలో ఉన్నాయి కాబట్టి మొదటి రెండు అయాన్లు చేరేదాకా వెలుగు పెద్దగా పెరగదు, ఆ తర్వాత చకచకా ఎక్కుతుంది. ఈ సంగతి తెలియనివాళ్లు ప్రొటీన్ పాడైందని టెన్షన్ పడతారు. థర్మోలైసిన్ అనే ఎంజైమ్‌లో ఇంకా విచిత్రం, పక్కపక్కనే ఉన్న రెండు కాల్షియంల చోట్లో ఒకే ఒక్క లాంథనైడ్ (టెర్బియం లాంటి రేర్ ఎర్త్ లోహం) కూర్చుని రెండోదాన్ని బయటికి నెట్టేస్తుంది.

ఇక సరుకు సంగతి. స్టార్ తగ్గింది లేబుల్ వల్ల. 99.9 శాతం శుద్ధి అని ఉంటుంది, చిన్న అక్షరాల్లో 'రేర్ ఎర్త్ లెక్కన' అని కూడా ఉంటుంది. అంటే మిగతా రేర్ ఎర్త్‌లు ఎంత తక్కువో చెప్పారు, కాల్షియం ఎంత ఉందో చెప్పలేదు. మన పనికి కావాల్సింది అదే కదా! రెండోది, ఇది గాలిలో తేమ పీల్చి ముద్దకడుతుంది, కాబట్టి అణుభారం 373.4 వేసి తూచిన లెక్కని నమ్మొద్దు. కొంచెం ఆమ్లం కలిపిన నీళ్లలో కరిగించి, జైలినాల్ ఆరెంజ్ అనే రంగు సూచిక వేసి, లోహాన్ని పట్టుకునే ఈడీటీఏని చుక్కచుక్కగా కలుపుతూ టైట్రేట్ చేయండి, ఎర్రటి ఊదా రంగు నిమ్మపసుపుకి తిరిగిన చోట అసలు గాఢత తెలుస్తుంది. గాజు వద్దు, ప్లాస్టిక్ సీసాలోనే ఉంచండి.

ఫాస్ఫేట్ బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) వేస్తే అవక్షేపం పడి పని అక్కడితో అయిపోతుంది. పైప్స్ గానీ మెస్ గానీ అనే వేరే బఫర్లు వాడండి, పీహెచ్ 7 దాటనివ్వకండి. 275 దగ్గర కాంతి వేస్తే పరికరంలో దాని రెండో ఆర్డర్ (రెట్టింపు తరంగదైర్ఘ్యం దగ్గర కనపడే నకలు) 550 దగ్గర పడుతుంది, అది 545 శిఖరంలో కలిసిపోతుంది. పొట్టి తరంగాల్ని ఆపే లాంగ్ పాస్ ఫిల్టర్ తప్పనిసరి.

ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంతో అణువుల నిర్మాణం చూసే పద్ధతి) చేసేవాళ్లైతే దీనితోపాటు లూటీషియం గానీ లాంథనమ్ గానీ కూడా తెప్పించుకోండి. అవి అయస్కాంత ప్రభావం చూపవు, టెర్బియం వల్ల శిఖరాలు ఎంత జరిగాయో వాటితో పోల్చే చూడాలి. మీ ప్రొటీన్‌లో టైరోసిన్, ట్రిప్టోఫాన్ రెండూ గూటికి దూరంగా ఉంటే మాత్రం దీని మీద డబ్బు పెట్టకండి, నేరుగా వెలిగించగలిగే యూరోపియం కొనండి.