ఎస్7-300 సేఫ్టీ పీఎల్‌సీ: పద్నాలుగు మామిడి సీజన్ల తర్వాత స్పేర్ల సంగతి

ఇంత పాత సిస్టమ్‌ని ఇంకా అట్టిపెట్టుకున్నామంటే దానికి పెద్ద కారణం తపాలా బిళ్లంత మెమరీ కార్డు. ఇది పీఎల్‌సీ, అంటే మెషిన్లను నడిపే పారిశ్రామిక కంప్యూటర్: సీమెన్స్ ఎస్7-300 కుటుంబంలోని సీపీయూ 315ఎఫ్-2 పీఎన్/డీపీ ఒకటి, దాని కింద స్విచ్చుల, సెన్సార్ల వైర్లు వచ్చి చేరే ఈటీ200ఎం స్టేషన్లు మూడు. చిత్తూరు దగ్గర తోతాపురి గుజ్జు తీసే యూనిట్లో ఎమర్జెన్సీ స్టాపులు, పల్పర్ (గుజ్జు తీసే మెషిన్) గార్డులు, ఫిల్లర్ (గుజ్జు నింపే మెషిన్) తలుపులు, అన్నీ దీని చేతిలోనే ఉన్నాయి. 2011 సీజన్ నుంచి నడుస్తోంది. సేఫ్టీ సీపీయూకీ మామూలు సీపీయూకీ తేడా ఏమిటో ఇక్కడ రాయను. కొత్తగా దొరకని సిస్టమ్‌కి స్పేర్లు పోగేసి నడుపుతున్నవాళ్లకు పనికొచ్చేవే రాస్తాను.

ముందు ఆ కార్డు సంగతి. ప్రోగ్రామూ హార్డ్‌వేర్ కాన్ఫిగరేషనూ మొత్తం అందులోనే ఉంటాయి. ఇంకా పాత ఎస్7-300 సీపీయూల్లో బ్యాటరీ అయిపోయినప్పుడు కరెంటు పోతే ప్రోగ్రాం ఎగిరిపోయేది. ఇందులో అసలు బ్యాటరీయే లేదు. 2019 మే నెలలో పిడుగు పడి సీపీయూ పోయింది. రాత్రి షిఫ్టులో ఉన్నది ఎలక్ట్రీషియన్ ఒక్కడే, ల్యాప్‌టాప్ లేదు. 24 వోల్టుల సప్లై ఆపి, కార్డు తీసి, ప్రొఫిబస్ (స్టేషన్లతో మాట్లాడే కేబుల్) ప్లగ్గూ నెట్‌వర్క్ కేబులూ ఊడదీసి, రైలు (మాడ్యూళ్లు బిగించే లోహపు పట్టీ) మీద స్క్రూ వదులు చేసి పాత సీపీయూ దించాడు. స్పేరు ఎక్కించి, అదే కార్డు దోపి సప్లై ఇచ్చాడు. స్టాప్ లైటు మెల్లగా మిణుకుమంది. అంటే మెమరీ రీసెట్ అడుగుతోందన్నమాట. స్విచ్చిని ఎంఆర్‌ఈఎస్ (మెమరీ రీసెట్) వైపు నొక్కిపట్టి, స్టాప్ లైటు రెండోసారి వెలిగి నిలబడగానే వదిలి, మూడు సెకన్ల లోపు మళ్లీ అటే నొక్కాడు. లైటు గబగబా కొట్టుకుని ఆగింది, రన్‌లో పెట్టాడు. మొత్తం ఇరవై నిమిషాలు. బయట మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్న రోజుల్లో ఇరవై నిమిషాలంటే నష్టం లేనట్టే లెక్క. ఆ ఒక్క రాత్రితో ఈ డిజైన్ మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే ఆ కార్డే ఇప్పుడు అన్నిటికన్నా భద్రంగా చూసుకోవాల్సిన స్పేరు అయింది. బయట దొరికే మామూలు ఎంఎంసీ కార్డు ఇందులో పనిచెయ్యదు, కంపెనీ కార్డే కావాలి. దాన్ని ల్యాప్‌టాప్ స్లాటులో పెడితే విండోస్ ఫార్మాట్ చెయ్యమంటుంది. సరేనన్నారంటే ఆ కార్డు ఇక సీపీయూకి పనికిరాదు. రాయాలంటే సీపీయూలో ఉంచి రాయాలి, లేదా కంపెనీ ప్రామర్ (కార్డు రాసే పరికరం) కావాలి. సీపీయూ రాస్తుండగా కార్డు లాగినా పాడైపోతుంది. అందుకే సప్లై ఆపాకే ముట్టుకోవాలి. మా దగ్గర ఒకే ప్రోగ్రాంతో మూడు కార్డులున్నాయి: ఒకటి సీపీయూలో, ఒకటి ప్యానెల్ తాళం పెట్టెలో, మూడోది ఆఫీసు బీరువాలో. ప్రతి కార్డు కవరు మీదా సేఫ్టీ ప్రోగ్రాం కలెక్టివ్ సిగ్నేచర్ (ప్రోగ్రాం మారితే తానూ మారే గుర్తింపు నంబరు) రాసి ఉంటుంది. కార్డు మార్చినప్పుడల్లా ఆ నంబరు, నడుస్తున్న ప్రోగ్రాం సిగ్నేచరు, చివరిసారి టెస్టు చేసి సంతకాలు పెట్టిన కాగితంలోని నంబరు, మూడూ ఒకటేనా అని చూడాలి. ఇది మానేస్తే రెండేళ్ల కిందటి ప్రోగ్రాంతో లైను నడిచినా ఎవరికీ తెలియదు. ఎఫ్-గ్లోబ్‌డీబీ అనే సేఫ్టీ డేటా బ్లాకులో ఉండే సిగ్నేచర్‌ని ఆపరేటర్ స్క్రీన్ మీద కనబడేలా పెట్టించాక ఈ పని సులువైంది.

ఇక దెబ్బ తిన్నది సీపీయూ దగ్గర కాదు, ఇన్‌పుట్ మాడ్యూల్ దగ్గర. 2022 జూన్‌లో ఫిల్లర్ తలుపులూ రెండు ఎమర్జెన్సీ స్టాపులూ చదివే ఎస్‌ఎం326 మాడ్యూల్ (24 చానెళ్లది) తప్పుందని చెప్పే ఎస్‌ఎఫ్ లైటు ఎర్రగా వెలిగించి మొరాయించింది. ఫిల్లర్ ఆగింది. స్టెరిలైజర్‌ని (గుజ్జును వేడి చేసి క్రిములు చంపే మెషిన్) స్టెరైల్ నీటి మీద రీసర్క్యులేషన్‌లో పెట్టి, స్టోర్స్‌లోంచి సీలు విప్పని స్పేరు తెచ్చారు. నలభై పిన్నుల ఫ్రంట్ కనెక్టర్ వైర్లతో సహా ఊడి వచ్చేస్తుంది కాబట్టి వైరింగ్ ముట్టుకోనక్కర్లేదు. కొత్త మాడ్యూల్లో ఉండే చిన్న కోడింగ్ ముక్కను ముందే తీసెయ్యాలి, ఎందుకంటే దాని జత ముక్క పాత కనెక్టర్లో ఇదివరకే ఇరుక్కుని ఉంటుంది. అదీ సరిగ్గానే చేశారు. సప్లై ఇస్తే మళ్లీ ఎస్‌ఎఫ్ ఎరుపు. స్పేరే పాడైందనుకున్నారు. ముప్పావుగంట సెన్సార్ సప్లై, వైర్లు, బస్ కనెక్టరు పట్టుకుని వెతికారు.

అసలు సంగతి మాడ్యూల్ వీపు మీద ఉంది. ఈ సేఫ్టీ మాడ్యూళ్లకు ప్రొఫిసేఫ్ అడ్రసు (సేఫ్టీ సమాచారంలో మాడ్యూల్‌ని గుర్తుపట్టే నంబరు) వెనకున్న పది మీటల డిప్ స్విచ్చితో పెట్టాలి. రైలుకి బిగించాక అది కంటికి కనిపించదు. ఇదే కుటుంబంలో మామూలు డిజిటల్ మాడ్యూళ్లకు ఇలాంటి పనేమీ ఉండదు. తీసి పెడితే చాలు, సీపీయూయే చూసుకుంటుంది. పదేళ్లు ఆ అలవాటున్న చేతులకు వెనక్కి తిప్పి చూడాలన్న ఆలోచన రాదు, అది వాళ్ల తప్పూ కాదు. చివరికి పాత మాడ్యూల్ చెత్తడబ్బాలోకి వెళ్లకముందే దొరకడం అదృష్టం. రెండిటినీ పక్కపక్కన బోర్లా పెట్టి, మీటలు ఒక్కొక్కటే పోల్చి సరిచేశారు.

అప్పటికీ ఫిల్లర్ లేవలేదు. కమ్యూనికేషన్ తప్పు వచ్చిన సేఫ్టీ మాడ్యూల్ పాసివేట్ అవుతుంది, అంటే తలుపు మూసి ఉన్నా సున్నాగానే చదువుతుంది. తప్పు పోయినంత మాత్రాన దానంతటదే తిరిగి పనిలోకి రాదు. మనిషి చూసి, సరేనని అక్నాలెడ్జ్ చెయ్యాలి. ఈ నియమం పూర్తిగా సరైనదే. కానీ మెషిన్ ఇచ్చిన కంపెనీ ఆ అక్నాలెడ్జ్‌కి ప్యానెల్ మీద బటనూ పెట్టలేదు, స్క్రీన్‌లో పేజీ కూడా ఇవ్వలేదు. ల్యాప్‌టాప్ ఉన్న మనిషి బెంగళూరు నుంచి రావాలి. ఇక మిగిలిన దారి సీపీయూని ఆపి మళ్లీ లేపడమే. కొత్తగా స్టార్టయినప్పుడు, తప్పు లేకపోతే మాడ్యూళ్లు వాటంతటవే కలుస్తాయి. అలాగే లేచింది. కాకపోతే స్టెరిలైజర్ లాజిక్ కూడా ఆ సీపీయూలోనే ఉంది. వేడి పడిపోయి స్టెరిలిటీ పోయింది. మళ్లీ సీఐపీ (పైపులు విప్పకుండా లోపల కడగడం), మళ్లీ ఆవిరితో స్టెరిలైజేషన్, మొదటి నుంచి. స్పేరు చేతిలో ఉండీ, మార్చడానికి పట్టేది పది నిమిషాలే అయి ఉండీ, ఆ రాత్రి అయిదు గంటలు పోయాయి.

ఆ సీజన్ అయ్యాక చేయించిన మార్పులు రెండే. సేఫ్టీ ఇన్‌పుట్ మాడ్యూళ్లు నాలుగున్నాయి, నాలుగిటివీ వేర్వేరు అడ్రసులు. కాబట్టి స్పేరు మీద ముందే అడ్రసు పెట్టి ఉంచడం కుదరదు. బదులుగా ప్రతి స్టేషన్ తలుపు లోపలి వైపు ఆ స్లాటు మాడ్యూల్ డిప్ స్విచ్ బొమ్మను, పది మీటల స్థానాలతో లామినేట్ చేసి అంటించాం. స్పేరు పెట్టె మూత మీద ఎర్ర అక్షరాలతో ‘ముందు వెనక స్విచ్ చూడు’ అని ఉంటుంది. స్టేషన్‌ని సీపీయూతో కలిపే ఐఎం153-2 మాడ్యూల్‌కీ ఇలాంటి చీటీయే ఉంది. దాని ప్రొఫిబస్ అడ్రసు కూడా స్విచ్చితోనే పెట్టాలి, సప్లై ఆపి ఇస్తే తప్ప కొత్త అడ్రసు పట్టదు.

రెండోది అక్నాలెడ్జ్ బటన్. స్క్రీన్ నుంచి చేసే పద్ధతి ఒకటుంది: ఎఫ్-ఆక్-ఓపీ అనే ప్రోగ్రాం బ్లాకుకి ముందు 6, నిమిషం లోపు 9 పంపాలి. పొరపాటు చెయ్యి తగిలి జరిగిపోకుండా ఆ రెండు అంచెలు పెట్టారు. మేం మాత్రం తాళంచెవితో తిరిగే బటన్ వైరు చేయించుకున్నాం, ఎందుకంటే స్క్రీన్ కూడా పాతదే, అది పోయిన రోజున బటన్ ఉండాలి. ఇది సేఫ్టీ ప్రోగ్రాంలో మార్పు కాబట్టి ఎఫ్-పాస్‌వర్డ్ కావాలి. అది మెషిన్ కంపెనీ దగ్గరే ఉండిపోయింది, రాబట్టడానికి ఎనిమిది నెలల ఉత్తరాలు పట్టాయి. పాత సేఫ్టీ సిస్టమ్ వాడుతున్న ఎవరైనా స్పేరు మాడ్యూల్ కొనేముందు ఈ పాస్‌వర్డ్, కామెంట్లతో సహా అసలు ప్రాజెక్టు ఫైలు, ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్ స్టెప్7 వీ5.5తో పాటు దాని సేఫ్టీ భాగమైన డిస్ట్రిబ్యూటెడ్ సేఫ్టీ లైసెన్సు ఉన్న ఒక పాత ల్యాప్‌టాప్ తమ చేతిలో ఉన్నాయో లేవో చూసుకోవాలి. మాడ్యూల్ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. పాస్‌వర్డ్ దొరకదు.

నిల్వ లెక్క చెప్పాలంటే: సీపీయూ ఒకటి, ఐఎం153-2 ఒకటి, సేఫ్టీ ఇన్‌పుట్ రెండు, సేఫ్టీ ఔట్‌పుట్ ఒకటి, 24 వోల్టుల పవర్ సప్లైలు రెండు, నలభై పిన్నుల కనెక్టర్లు రెండు. పవర్ సప్లై రెండెందుకంటే వాటిలో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు పెట్టెలో ఉన్నా పాడవుతాయి. ఏటా సెప్టెంబరులో, సీజన్ ముగిశాక, స్పేర్లన్నీ ఒక పాత రైలు మీద ఎక్కించి, లోడు ఇచ్చి రెండు రోజులు నడుపుతాం. మొదట్లో స్టోర్స్ రేకుల షెడ్డులో ఉండేది. మే ఎండకు అక్కడ చెయ్యి పెట్టలేం. ఇప్పుడు క్వాలిటీ ల్యాబ్‌లోని ఏసీ గదిలో ఒక అర ఇచ్చారు. యాంటీ స్టాటిక్ కవరు, లోపల సిలికా జెల్. నవంబరు వానల్లో నీలం గింజలు గులాబీ రంగుకి తిరుగుతాయి, డిసెంబరులో మార్చాలి.

పద్నాలుగేళ్లలో ఎక్కువసార్లు పోయినవి పీఎల్‌సీ భాగాలు కావు. గార్డు స్విచ్చులు, ఎమర్జెన్సీ స్టాపు వెనక కాంటాక్ట్ బ్లాకులు, కాంటాక్టర్లు. రోజూ కాస్టిక్‌తో కడగడం, పైపుతో నీళ్లు కొట్టడం, మామిడి రసం జిగురు. ఇవి ఇప్పటికీ బజార్లో దొరికేవే కాబట్టి ఎవరూ పట్టించుకోరు, జూన్ రాత్రి చూస్తే స్టోర్స్‌లో ఉండవు. యూనిక్ కోడింగ్ (తన జత ముక్కనే గుర్తుపట్టేది) ఉన్న గేటు స్విచ్‌ని జతగా కొనడం మంచిది. సగం కొంటే కొన్ని రకాలు ఆ రెండో ముక్కని గుర్తుపట్టవు.

వాడిన మాడ్యూళ్ల బజారు మీద నాకు మొదట్లో ఉన్న నమ్మకం ఇప్పుడు లేదు. చెన్నై నుంచి ఒక వ్యాపారి పంపిన ఔట్‌పుట్ మాడ్యూల్ వెనక స్టిక్కరు గీకేసి ఉంది, పెట్టె మాత్రం కొత్తది. సెప్టెంబరు టెస్టులోనే పట్టుబడింది. మామూలు మాడ్యూళ్లకు ఆ బజారు ఫరవాలేదు. సేఫ్టీ మాడ్యూల్‌ని మాత్రం అంతకుముందు ఎంతకాలం నడిచిందో తెలియకుండా తీసుకోకూడదు, బోర్డు మీద సోల్డరింగ్ చేయించి వాడకూడదు. లోపల రెండు సర్క్యూట్లు ఒకదాన్నొకటి పరీక్షించుకుంటూ ఉంటాయి. రిపేరు తర్వాత ఆ పరీక్ష నిజంగా జరుగుతోందో లేదో మన మల్టీమీటరుతో తేలదు.

కొత్తవాళ్లకు ఇది కొనమని చెప్పే ప్రశ్నే లేదు. 2023 అక్టోబరు నుంచి ఈ కుటుంబం స్పేర్లుగా మాత్రమే వస్తోంది, అదీ 2033 దాకా. ఇప్పటికే ఉన్నవాళ్లు ఉంచుకోవాలా అంటే నా మాట మా పరిస్థితికే సరిపోతుంది. మా లైను ఏడాదిలో రెండున్నర నెలలు నడుస్తుంది, మిగతా కాలమంతా టెస్టులకు వీలుంటుంది, చెన్నై, బెంగళూరు నాలుగు గంటల్లోపే. ఏడాది పొడుగునా ఆగకుండా నడిచే ప్లాంటయితే ఇలా చెప్పేవాణ్ణి కాదు, ఈపాటికే తర్వాతి తరం ఎస్7-1500ఎఫ్‌కి మారమనేవాణ్ణి. మెషిన్ల సేఫ్టీ కంట్రోళ్ల ప్రమాణం ఐఎస్‌ఓ 13849-1 లెక్కలు 20 ఏళ్ల మిషన్ టైమ్ (భాగాన్ని వాడుకోదగ్గ గడువు) మీద ఆధారపడి ఉంటాయి. 2011లో పెట్టిన మాడ్యూళ్లకు అది 2031లో నిండుతుంది, కంపెనీ స్పేర్లు ఆపేదానికి రెండేళ్లు ముందే. అందుకే ఇన్‌పుట్ మాడ్యూళ్లు ఇక కొనడం లేదు. ఉన్న రెండిటితో 2030 సీజన్ గట్టెక్కితే చాలు, ఆ సెప్టెంబరులోనే ప్యానెల్ దించేస్తాం.