పన్నెండు అంగుళాల గ్లోబు: ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలతో ఏళ్ల తరబడి వాడాక

గోదావరి జిల్లాల్లో ఒక జడ్పీ హైస్కూల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు సోషల్ చెబుతాను. ప్రపంచ భూగోళం, చరిత్ర, ఆయా దేశాల జనజీవనం చెప్పడానికి గోడ మ్యాపులు, అట్లాసులు, అవుట్‌లైన్ మ్యాపులు, ప్రొజెక్టరు మీద వీడియోలు అన్నీ వాడాను. వాటిలో ఒక్కటే ఉంచుకోమంటే మాత్రం గ్లోబు పట్టుకుని మిగతావన్నీ ఇచ్చేస్తాను. అయితే అది హెడ్మాస్టరు గదిలో బీరువా మీద ఉంటే దండగ. పిల్లల చేతుల్లో తిరగాలి.

ముందు సైజు సంగతి. ఎనిమిది అంగుళాలది చౌకే గానీ, దాని మీద పేర్లు చదవాలంటే ఒక్కో పిల్లాడు ముక్కు ఆనించి చూడాలి. పన్నెండు అంగుళాల గ్లోబు వ్యాసం సుమారు 30 సెంటీమీటర్లు, అంటే దాని మీద ఒక సెంటీమీటరు దాదాపు 420 కిలోమీటర్లు. ఈ ఒక్క లెక్క నేర్పితే చాలు, ఆరో తరగతి పిల్లలు స్కేలు, దారం పట్టుకుని ప్రపంచమంతా కొలిచేస్తారు. చంద్రుడు ఇదే కొలతలో ఎనిమిది సెంటీమీటర్ల బంతి అవుతాడు, ఉండాల్సిన దూరం తొమ్మిది మీటర్లు. బంతి పట్టుకున్న పిల్ల గదిలోంచి వరండాలోకి నడుచుకుంటూ పోతుంటే మిగతావాళ్లు నోరెళ్లబెట్టి చూస్తారు. ఇదే లెక్కన 8,849 మీటర్ల ఎవరెస్టు మిల్లీమీటరులో ఐదో వంతు. అందుకే కొండలు ఉబ్బెత్తుగా చేతికి తగిలే గ్లోబులు నాకు నచ్చవు. భూమి అంత ఎగుడుదిగుడుగా ఉంటుందనే ఊహ ఒకసారి పడితే పోదు.

దారం ముక్క లేకుండా గ్లోబు వాడకండి. మా వైపు చాలా ఇళ్లలో ఎవరో ఒకరు అమెరికాలో ఉంటారు. రాజమండ్రి నుంచి డల్లాస్‌కు దగ్గరి దారి చూపించమంటే, గోడ మ్యాపుకు అలవాటుపడ్డ పిల్లలు అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటిస్తూ పడమటికి గీత గీస్తారు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించగానే అది ఉత్తరానికి జరిగి, దాదాపు ధ్రువం మీంచే అవతలికి దిగుతుంది. కొలిస్తే ముప్పై నాలుగు సెంటీమీటర్ల పైన, అంటే 14,000 కిలోమీటర్ల పైచిలుకు. విమానాలు గాలినీ, దేశాల అనుమతులనూ చూసుకుని పక్కకు జరుగుతాయనుకోండి. కానీ భూమి గుండ్రంగా ఉండటమంటే ఏమిటో ఆ దారం చెప్పినట్టు నేను చెప్పలేను. గ్రీన్లాండ్ సంగతీ అంతే. నావికుల కోసం మెర్కేటర్ అనే మ్యాపుల తయారీదారు 1569లో తయారుచేసిన పద్ధతిలో గీసిన మ్యాపులో అది ఆఫ్రికాకు పోటీగా కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు.

నైలు నది దగ్గర ఏటా అదే ప్రశ్న వస్తుంది: "నది పైకెలా పారుతుంది టీచర్?" గోడకు వేలాడే మ్యాపులో ఉత్తరం పైన ఉంటుంది, నైలు దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. గ్లోబును స్టాండు మీంచి తీసి తలకిందులుగా ఆ పిల్లవాడికే ఇస్తాను. భూమికి పైనా కిందా లేవు, నీరు ఎత్తు నుంచి పల్లానికి పోతుంది అని తనే చెబుతాడు. ఈజిప్టులో ఎగువ ఈజిప్టు దక్షిణాన ఎందుకుందో ఆ తర్వాత వేరే చెప్పక్కర్లేదు.

ఈ గ్లోబు వల్ల నాకు దొరికిన అన్నిటికన్నా మంచి పాఠం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం. రాజమండ్రి, కాకినాడ రెండూ ఇంచుమించు ఆ గీత మీదే ఉన్నాయి. మన ఊరి దగ్గర వేలు పెట్టి, గ్లోబును నెమ్మదిగా తిప్పుతూ పడమటికి వెళ్లమంటాను. అరేబియా సముద్రం దాటగానే ఒమన్‌లోని సలాలా. చుట్టూ ఎడారి ఉన్న ఆ ఊరికి మనకు వానలిచ్చే నైరుతి రుతుపవనమే జల్లులు కురిపిస్తుంది, కొండలు పచ్చబడతాయి. ధూపానికి వాడే బంకనిచ్చే చెట్లు అక్కడివే. ఆ సరుకు కోసమే పూర్వం ఓడలూ ఒంటెలూ తిరిగాయి. ఇంకా ముందుకెళ్తే సహారా అంచున, గీతకు కాస్త కిందుగా మాలి దేశపు టింబక్టు. అక్కడ ఉత్తరం నుంచి ఉప్పు, దక్షిణం నుంచి బంగారం చేతులు మారాయి. 1324లో మక్కా యాత్రకు బయల్దేరిన మాన్సా మూసా పాలించింది ఆ మాలి రాజ్యాన్నే. పాత రాతప్రతులను అక్కడి కుటుంబాలు తరతరాలుగా ఇళ్లలో దాచుకున్నాయి. ఆఫ్రికా అంటే అడవి, సింహాలు అనుకునే పిల్లలకు ఇక్కడ చాలా సేపు ఆగాలి. నేనైతే ఒక పీరియడంతా ఆగుతాను.

అట్లాంటిక్ దాటితే అంటిగ్వా. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకు వివ్ రిచర్డ్స్ పుట్టిన దీవి అంటే చాలు. అంత చిన్న దీవిలో ఆఫ్రికా మూలాలున్న జనం ఎందుకున్నారని అడిగితే చెరకు తోటలు, బానిసల ఓడలు కథలోకి వస్తాయి. తర్వాత మెక్సికోలోని వహాకా. మన సన్నికల్లు లాంటి రాతి మీద మొక్కజొన్న నూరుకునే ఊళ్లు అవి. మెక్సికో మిరపకు పుట్టిల్లు. పోర్చుగీసువాళ్ల ఓడల్లో మిరప ఇటు రాకముందు మన వంటింట్లో కారానికి మిరియాలే దిక్కని చెబితే గుంటూరు చుట్టాలున్న పిల్లలు అస్సలు నమ్మరు. పసిఫిక్ దాటి ఫిలిప్పీన్స్, లావోస్ మీదుగా వస్తే బర్మాలోని యాంగాన్, అంటే మన తాతల కాలం నాటి రంగం. కాకినాడ రేవు నుంచి ఓడెక్కి రంగం వెళ్లిన వాళ్ల కబుర్లు ఇంట్లో అడిగి రాసుకు రమ్మంటాను. మర్నాడు నోటుబుక్కులు నిండి వస్తాయి. ఒకే గీత, ఏ రోజు చూసినా మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు అన్నిచోట్లా ఒకేలా ఉంటుంది, మరి టింబక్టు ఎడారి అంచున ఎందుకుంది, మనకు వరి ఎందుకు పండుతోంది? ఈ ప్రశ్నతో శీతోష్ణస్థితి పాఠం మొదలుపెడితే పిల్లలు తామే రుతుపవనాల దాకా వచ్చేస్తారు.

చరిత్రకు కూడా దారమే. లండన్ నుంచి ఆఫ్రికా దక్షిణాన ఉన్న గుడ్ హోప్ అగ్రం చుట్టి ముంబైకి దారం పెట్టి కత్తిరించండి. అదే దారాన్ని 1869లో తెరిచిన సూయజ్ కాలువ మీదుగా పెట్టండి. మూడో వంతుకు పైగా మిగిలిపోతుంది. ఆ మిగిలిన ముక్కను చేతిలో పెట్టుకున్న పిల్లలకు బ్రిటన్ ఈజిప్టు మీద ఎందుకు కన్నేసిందో, 2021 మార్చిలో ఒక్క ఓడ అడ్డం తిరిగి ఇరుక్కుంటే ప్రపంచం ఎందుకు గగ్గోలు పెట్టిందో సులువుగా అర్థమవుతుంది.

ఎండ ఉన్న రోజున ఇంకొక పని చేయండి. గ్లోబును స్టాండు నుంచి ఊడదీసి, ఆరుబయట చుట్టకుదురు మీద, మన ఊరు సరిగ్గా పైకి వచ్చేలా, ఉత్తర ధ్రువం ఉత్తరం వైపు చూసేలా పెట్టండి. ఇప్పుడు సూర్యుడు భూమి మీద ఎక్కడ పడుతున్నాడో గ్లోబు మీద కూడా అక్కడే పడతాడు. ఉదయం పది గంటలకు చూస్తే డల్లాస్ నీడలో ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటేసరికి వెలుగు అంచు ఆఫ్రికాను దాటి అట్లాంటిక్ మీదికి జరుగుతుంది. అమ్మ ఫోన్ చేస్తే అత్తయ్య ఎందుకు నిద్రమొహంతో మాట్లాడుతుందో వాళ్లే వివరిస్తారు. మన అక్షాంశంలో సూర్యుడు మే రెండో వారం ప్రాంతంలోనూ ఆగస్టు మొదటివారంలోనూ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు. అయినా మబ్బు విడిన రోజున నిలువుగా నిలబెట్టిన పెన్నుకు నీడ లేకపోవడం చూసిన పిల్లలు కర్కటరేఖ, మకరరేఖ మర్చిపోరు.

ఇక లోపాలు. నేను వాడిన దానికి రెండు అర్ధగోళాలు కలిసే భూమధ్యరేఖ దగ్గర అతుకు ఊడింది, ఇరుసు పైనున్న ప్లాస్టిక్ నట్టు వదులైంది. గోళం మీద అంటించిన మ్యాపు కాగితం పట్టీలు సరిగ్గా కలవక కాంగో దగ్గర నది ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగింది. అందరూ ముందు వేలు పెట్టేది మన దేశం మీదే కాబట్టి దక్కన్ దగ్గర రంగు చెరిగి తెల్లబడింది. పేర్లన్నీ ఇంగ్లిషులో ఉండటం ఆరో తరగతికి పెద్ద ఇబ్బంది. ముఖ్యమైన వాటికి చిన్న చీటీల మీద తెలుగులో రాసి అంటించాం. జనజీవనం విషయంలో గ్లోబు మూగది. ఆ మనుషులు ఏం తింటారు, ఏం నమ్ముతారు, ఏ పాట పాడతారు అన్నది టీచరు చెప్పాలి, ఫొటోలు చూపాలి. పాత రాజ్యాల సరిహద్దులకు అట్లాసు తప్పదు.

కొనేముందు అది ఏ కాలం నాటిదో చూడండి. దక్షిణ సూడాన్ లేకుండా సూడాన్ ఒక్కటే ఉంటే 2011కు ముందుది. కజకిస్తాన్ రాజధానిని నూర్‌సుల్తాన్ అని వేస్తే 2019, 2022 మధ్యలోది, ఇప్పుడు మళ్లీ అస్తానానే. భారత సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా మ్యాపుతో సరిపోయాయో లేదో చూడండి, పిల్లలు పరీక్షలో గీసేది దాన్నే. దేశాలకు రంగులు పులిమిన దానికంటే కొండలు, ఎడారులు, సముద్రాల లోతులు చూపించే భౌతిక గ్లోబు ఎంచుకోండి, సన్నని సరిహద్దు గీతలు ఉంటే చాలు. మెరుపు పూత ఉన్నది వద్దు, కిటికీ వెలుగు పడితే వెనక బెంచీలకు ఏమీ కనపడదు. బటన్ నొక్కితే మాట్లాడేవి, ఫోన్ యాప్‌తో పనిచేసేవి మా స్కూలుకు అవసరం పడలేదు. స్టాండు లోహానిది తీసుకోండి, గోళం సులువుగా ఊడి వచ్చేలా ఉండాలి. ఇరుసు వదులైతే సైకిల్ షాపులో రబ్బరు వాషర్ వేయించండి, మాది ఇప్పటికీ దాని మీదే తిరుగుతోంది.