పాత పోలో, బిల్‌స్టీన్ బీ12 కిట్: తిరుపతిలో రోజూ, ట్రాక్‌పై అప్పుడప్పుడూ

షాకబ్జర్లు, స్ప్రింగులు కలిపి వచ్చే ఈ సస్పెన్షన్ కిట్ కొనాలని చూస్తున్నవాళ్లకు ముందే ఒక మాట చెప్పాలి. మీ కారులో అరిగిపోయిన రబ్బరు సామాన్లు మార్చకుండా దీని మీద లక్ష రూపాయలు పెట్టకండి. నాది 2013 మోడల్ ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ. ఆఫీసుకు, రేణిగుంట స్టేషన్‌కు, పీలేరులో అత్తగారింటికి అన్నిటికీ ఇదే బండి. ఇంట్లో రెండో కారు లేదు. అప్పుడప్పుడు మాత్రం తెల్లవారకముందే లేచి పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా శ్రీపెరంబుదూరు దగ్గరున్న ఇరుంగట్టుకోట్టైకి పోతాను. అక్కడ మద్రాస్ ట్రాక్ ఉంది. 1990లో మొదలైన ఆ ట్రాక్ పొడవు సుమారు 3.7 కిలోమీటర్లు. మనకు అందుబాటులో ఉన్న రేస్ ట్రాక్ అదే. అందుకే నాకు కావాల్సిన సస్పెన్షన్ ట్రాక్‌పై నిలబడాలి, అదే సాయంత్రం అమ్మను కూర్చోబెట్టుకుని ఇంటికి కూడా రావాలి.

కిట్ కంటే ముందు చేయించిన పనుల సంగతి చెప్తాను. పోలో ముందు స్ట్రట్ మౌంట్లు (షాకబ్జర్ పైభాగాన్ని బాడీకి కలిపే రబ్బరు దిమ్మలు) మన రోడ్లపై త్వరగా పోతాయి. గుంతలో పడినప్పుడల్లా డాష్‌బోర్డు వెనక నుంచి టక్‌మని శబ్దం వస్తుంది. నా బండిలో మౌంట్లు, వాటి బేరింగులు, లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్‌లోని రబ్బరు కీళ్లు), స్టెబిలైజర్ లింకులు (బండి ఒరగకుండా ఆపే కడ్డీని కలిపేవి) అన్నీ కంపెనీవే కొత్తవి వేయించి చక్రాల అలైన్‌మెంట్ చేయించాను. పాత షాకబ్జర్లు అలాగే ఉన్నా స్టీరింగు ఎంతో బాగుపడింది. చాలామంది షాకబ్జర్లు పోయాయనుకునే బండ్లలో అసలు పోయేవి ఇవే. వీటికయ్యే ఖర్చు కిట్ ధరలో చిన్న భాగం. ఇవి మార్చాక కొన్నాళ్లు నడిపి చూస్తే కిట్ నిజంగా అవసరమో కాదో మీకే తెలుస్తుంది.

నాకు అవసరమనిపించింది. మెయిన్ స్ట్రెయిట్ చివర గట్టిగా బ్రేక్ వేసి మలుపులోకి తిప్పితే ముక్కు కిందికి దిగేది, బండి ఒక పక్కకు ఒరిగేది, అది నిలదొక్కుకునేలోపు మలుపు సగం అయిపోయేది. కొన్ని ల్యాపులు తిరిగాక షాకబ్జర్లు వేడెక్కి ఇంకా మెత్తబడేవి.

బీ12 అంటే రెండు కంపెనీల సామాను కలిపిన కిట్. బిల్‌స్టీన్ బీ8 షాకబ్జర్లు, ఐబాక్ ప్రో-కిట్ స్ప్రింగులు ఒకే పెట్టెలో వస్తాయి. పొట్టి స్ప్రింగులకు సరిపడేలా బీ8 షాకబ్జర్లను తక్కువ పొడవుతో చేస్తారు. మామూలు కార్లలో వచ్చేవి ఎక్కువగా ట్విన్-ట్యూబ్ (గొట్టంలో గొట్టం) రకం. వాటిలో నూనె, వాయువు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఆపకుండా పైకీ కిందికీ ఆడుతుంటే నూనె నురగకట్టి పట్టు తగ్గుతుంది. ఈ బీ8లు మోనోట్యూబ్ (ఒకే గొట్టం) రకం. ఒత్తిడితో నింపిన నైట్రోజన్‌ను నూనెతో కలవకుండా ఒక తేలే పిస్టన్ వేరు చేస్తుంది, వేడి ట్యూబు గోడ గుండా నేరుగా బయటికి పోతుంది. ట్రాక్ మీద చివరి ల్యాపులోనూ బండి మొదటి ల్యాపులో ఉన్నట్టే ఉండటానికి కారణం ఇదే.

కాయిలోవర్లు (మరలు తిప్పి బండి ఎత్తు మార్చుకునే షాకబ్జర్, స్ప్రింగు జతలు) ఎందుకు వేయించలేదని చాలామంది అడిగారు. ఎత్తు సర్దుకునే వీలు బాగుంటుంది, కాదనను. కానీ వర్షంలో, దుమ్ములో రోజూ తిరిగే బండికి ఆ మరలు తుప్పు పట్టకుండా కాపాడుకోవడం వేరే పని. ఇక స్ప్రింగులు మాత్రమే మార్చి పాత షాకబ్జర్లు ఉంచుకోవడం అన్నింటికంటే చెడ్డ బేరం. నా స్నేహితుడి కారుకు అలాగే చేశారు. శ్రీకాళహస్తి రోడ్డులో చిన్న ఎత్తు తగిలినా బండి మూడుసార్లు ఊగేది, కొన్ని నెలలకే వెనక షాకబ్జర్ల నుంచి నూనె కారింది. గట్టి స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని పట్టి ఆపాల్సింది షాకబ్జరే. డబ్బు పెట్టాల్సింది దాని మీదే, బండి ఎంత కిందికి దిగిందన్న దాని మీద కాదు.

బిగింపు గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే మంచి కిట్ చెడిపోయేది ఇక్కడే. నా బండి పని చేసిన మేస్త్రీ పద్ధతి తెలిసినవాడు. సస్పెన్షన్ ఆర్మ్ బుష్ లోపల ఒక ఇనుప గొట్టం, దాని చుట్టూ అతుక్కున్న రబ్బరు ఉంటాయి. బోల్టు బిగిస్తే ఆ గొట్టం అక్కడే నిలిచిపోతుంది, ఆర్మ్ కదిలినంత మేరా రబ్బరు మెలితిరుగుతుంది. బండిని లిఫ్టు మీద పెట్టి, చక్రాలు కిందికి వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే, బండి నేల మీద నిలబడగానే రబ్బరు మెలితిరిగిపోయి ఉంటుంది. పొట్టి స్ప్రింగులతో ఆ మెలి ఇంకా పెరుగుతుంది. అంతకుముందు వేరే షాపులో ఇలాగే గాల్లో బిగించడంతో కొత్త బుష్‌లు ఏడాది తిరక్కుండానే చీలిపోయాయి. ఈ మేస్త్రీ మాత్రం బోల్టులన్నీ వదులుగా ఉంచి, ఆర్మ్ కింద జాకీ పెట్టి, బండి నేల మీద నిలబడినప్పుడు ఉండే ఎత్తుకు లేపి అప్పుడు బిగించాడు. "రబ్బరు బండి నిలబడినప్పుడు మామూలుగా ఉండల్ల సార్, గాల్లో ఉన్నప్పుడు కాదు" అన్నాడు. పోలోలో కొన్ని బోల్టులు ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడనివి. వాటిని ముందే తెప్పించి పెట్టుకోండి. స్ప్రింగు నొక్కే సరైన కంప్రెసర్ లేని షాపుకు అసలు పోవద్దు, అది జారితే ప్రాణానికే ముప్పు.

ఇప్పుడు ఎత్తు. ప్రో-కిట్‌తో 30 మిల్లీమీటర్ల దాకా దిగుతుందని చెప్పేది యూరప్ కార్ల లెక్క. మన దేశంలో అమ్మిన పోలోను ఇక్కడి రోడ్ల కోసం ముందే ఎత్తు చేశారు కాబట్టి అవే స్ప్రింగులు వేస్తే ఇంకా ఎక్కువ దిగుతుంది. నా బండి ముందుభాగం 40 దాటి దిగింది. అమ్మ మొదటిసారి చూసి "ఏంరా, ఎక్కేదెట్లా ఇంత కిందికి దించినావు?" అంది. ఆమె మోకాళ్లకు అది నిజంగానే ఇబ్బంది. నలుగురు ఎక్కితే కరకంబాడి రోడ్డు వైపు కొన్ని స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగానే దాటాలి.

సౌకర్యం మాత్రం నేను అనుకున్నదానికంటే బాగుంది. నిదానంగా పోతున్నప్పుడు చిన్న చిన్న గతుకులు తెలుస్తాయి, వీధిలో మ్యాన్‌హోల్ మూత కూడా తెలుస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ కుదుపు తగ్గిపోతుంది. తిరుపతి ఫ్లైఓవర్ శ్రీనివాస సేతు మీద జాయింట్లు దాటేటప్పుడు గమనించాను. పాత షాకబ్జర్లతో ఒక్కో జాయింటుకూ బండి లేచి, దిగి, మళ్లీ కొంచెం లేచేది. ఇప్పుడు ఒక్కసారి టప్ మంటుంది, అంతటితో అయిపోతుంది. వెనక కూర్చున్న అమ్మకు వాంతి వచ్చినట్టు ఉండేది పోయింది. భాకరాపేట ఘాట్‌లో కూడా అంతే, ఒక మలుపు నుంచి ఎదురు మలుపుకు తిరిగేటప్పుడు ఊగడం లేదు.

తిరుమల ఘాట్ రోడ్ల గురించి కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు, అందుకే రాస్తున్నాను. 1944లో వేసిన మొదటి ఘాట్ ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. కొండ ఎక్కడానికీ దిగడానికీ కనీస సమయం పెట్టారంటే దానికి కారణం ఉంది. బస్సులు, టూవీలర్లు, కుటుంబాలతో వచ్చే యాత్రికులు తిరిగే దారి అది. సస్పెన్షన్ పరీక్షించే చోటు కాదు. వేగం కావాలంటే ట్రాక్‌కు పదండి, దూరం 120 కిలోమీటర్ల చిల్లరే.

ట్రాక్‌పై తేడా మొదట బ్రేకింగులో తెలిసింది. ముక్కు తక్కువ దిగడంతో బండి నిలకడగా ఉంటుంది, బ్రేక్ మీదే బండిని లోపలికి తిప్పే ధైర్యం వస్తుంది. పోలో ముందు చక్రాలతో నడిచే బండి, ముందు పట్టు పోయి బయటికి జారడం దాని స్వభావం. ఈ కిట్ ఆ స్వభావాన్ని తగ్గిస్తుంది గానీ పోగొట్టదు. నా ల్యాపు సమయం మూడు సెకన్లకు పైగా తగ్గింది. అందులో సగం టైర్లదే అని నా నమ్మకం, ఎందుకంటే అదే వేళ కంపెనీ సైజు 185/60 ఆర్15 తీసేసి 195/55 ఆర్16లో మెరుగైన రకం వేయించాను. కేవలం సస్పెన్షన్ మార్చి టైర్లు అలాగే ఉంచితే ఈ ఫలితం రాదు. బ్రేకులు కూడా అంతే. కొత్త డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్, మంచి ప్యాడ్లు లేకుండా ట్రాక్ మీదికి పోవద్దు. బండి మలుపులు బాగా తిరుగుతుంటే మనమే ఆలస్యంగా, గట్టిగా బ్రేక్ వేయడం మొదలుపెడతాం.

ఒక లోటు చెప్పాలి. పోలోలో ముందు చక్రాల క్యాంబర్‌ను (చక్రం పైభాగం లోపలికో బయటికో వంగే కోణం) సర్దుకునే వీలు కంపెనీ ఇవ్వలేదు, టో (చక్రాల ముందువైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రమే మారుతుంది. బండి దిగడం వల్ల కొంచెం నెగటివ్ క్యాంబర్ (పైభాగం లోపలికి వంగడం) వచ్చినా అది ట్రాక్‌కు చాలదు. ఒక ట్రాక్ రోజు అయ్యేసరికి ముందు టైర్ల బయటి అంచు బాగా అరుగుతుంది. ఈ కోణం మార్చుకునే క్యాంబర్ ప్లేట్లు వేస్తే ఇది తీరుతుంది గానీ, రబ్బరు మౌంటు స్థానంలో ఇనుప బేరింగు వస్తే రోజువారీ శబ్దం, దుమ్ము భరించాలి. ఇంట్లోవాళ్లు తిరిగే బండిలో నేను వేయించను. టైర్లను ముందూ వెనకా మార్చుకుంటూ నెట్టుకొస్తున్నాను.

ఇంతకాలం వాడినా షాకబ్జర్లలో నూనె కారలేదు, స్ప్రింగులు కుంగలేదు. ముందు స్ట్రట్ మౌంట్లు మాత్రం మళ్లీ మార్చాల్సి వచ్చింది. గట్టి సస్పెన్షన్ దెబ్బ నేరుగా వాటి మీదే పడుతుంది కాబట్టి వాటిని అరిగే సామానుగా లెక్కేసుకోండి. దుమ్ము బూట్లు (షాకబ్జర్ కడ్డీ మీది రబ్బరు తొడుగులు) చిరిగాయేమో సర్వీసు చేయించినప్పుడల్లా చూసుకోండి. ఇసుక లోపలికి పోతే షాకబ్జర్ సీలు నిలవదు. ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒకసారి చదవండి. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌కు పాలసీ వర్తించదని అందులో స్పష్టంగా ఉంటుంది. ట్రాక్‌పై బండికి దెబ్బ తగిలితే ఖర్చు మీదే. ఆ డబ్బు పక్కన పెట్టుకునే పోవాలి.

మీ ఇల్లు మట్టిరోడ్డు మీద ఉంటే, లేక రోజూ పల్లెలకు తిరిగే పనైతే బీ12 వద్దు. బిల్‌స్టీన్ బీ6 చూడండి. అదే మోనోట్యూబ్ షాకబ్జర్, మామూలు పొడవులో వస్తుంది, కంపెనీ స్ప్రింగులతోనే పనిచేస్తుంది. ఎత్తు పోదు, నేను పైన చెప్పిన లాభంలో ఎక్కువ భాగం దానితోనే వస్తుంది.